ముందే పెట్టిన సంతకాలు

ఇవాళ మంగళవారమేగా, మా క్లాసులో ఒక పిల్లాడి స్కూల్ డైరీలో శుక్రవారం దాకా అమ్మ సంతకాలు ఉన్నాయి!

"ఇదేంట్రా?" అన్నా. "అమ్మకి ఈ వారమంతా నైట్ డ్యూటీ మేడమ్. ఆదివారమే అన్నీ పెట్టేసింది" అన్నాడు, ఇందులో వింతేముంది అన్నట్టు.

ఇంట్లో పెద్దదిక్కు ఆవిడొక్కతే. లెక్కలు బానే చేస్తాడు. హోంవర్క్ మాత్రం సగంలో ఆగిపోతుంది, చెల్లిని పడుకోబెట్టేది వాడే మరి.

స్టాఫ్ రూమ్‌లో "తండ్రి లేని పిల్లాడు, అంతే" అని తేల్చేస్తారు. అమెరికాలో సారా మెక్‌లనహన్, గ్యారీ శాండెఫర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1994లోనే చెప్పారు, ఇలాంటి పిల్లలు వెనకబడటానికి దాదాపు సగం కారణం ఇంటి ఆదాయం తక్కువ కావడమేనని. మిగతా దాంట్లో పిల్లలతో గడిపే తీరిక తగ్గడం, తరచూ ఇళ్లు మారడం లాంటివి.

మేం పేరెంట్స్ మీటింగ్ పెట్టేది పగలు పదకొండింటికి. రాత్రంతా పనిచేసొచ్చిన మనిషి కాస్త కునుకు తీసేది అప్పుడే కదా. రాకపోతే "శ్రద్ధ లేదు" అని రాసేస్తాం.

సాయంత్రం పెడదామని హెడ్ మేడమ్‌ని అడిగా. "అందరికీ కుదరదమ్మా" అన్నారు. పగలు అందరికీ కుదురుతోందా ఏంటి? రేపు మళ్లీ అడుగుతా.