పైపు ఉన్నచోట నీళ్లు వస్తున్నాయా: నా పరిశోధన అనుభవం

తాగునీటి సరఫరాలో సామాజిక అసమానతల మీద డాక్టరేట్ కోసం నమోదు చేసుకున్నప్పుడు నా సినాప్సిస్‌లో రాసుకున్న ప్రశ్న చాలా సూటిగా ఉండేది. పేదలు ఎక్కువగా నివసించే ప్రాంతాలకు పైపులైన్లు తక్కువగా వేస్తున్నారా అన్నదే ఆ ప్రశ్న. పర్యావరణం, మౌలిక వసతులు, అసమానత అనే మూడింటినీ కలిపి చదవాలనుకునే వారిలో చాలామందికి మొదట తట్టేది ఇలాంటిదే. నీటి సంస్థ దగ్గర పైపుల పటం ఉంటుంది, జనగణనలో కుటుంబాల వివరాలు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే జవాబు వచ్చేస్తుంది. నాకూ వచ్చింది. పైపులు దాదాపు అన్ని వార్డుల్లోనూ ఉన్నాయి, పేద వార్డులకూ సంపన్న వార్డులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ పటాన్ని మా గైడ్ గారి ముందు పెట్టినప్పుడు ఆయన చాలాసేపు చూసి, "పైపు ఎక్కడుందో కనిపిస్తోంది, బాగుంది. అందులో నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎంతసేపొస్తాయో ఈ పటంలో ఎక్కడ చూడాలమ్మా?" అని అడిగారు. ఆ తర్వాత నేను చేసిన పనంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ముందుగా పాత అధ్యయనాలు చదివాను. ఈ రంగంలో అమెరికా ఉదాహరణలే ఎక్కువగా కనిపిస్తాయి, దానికి కారణం ఉంది. 1982లో నార్త్ కరొలైనాలోని వారెన్ కౌంటీలో విషపూరితమైన మట్టిని పూడ్చే స్థలానికి వ్యతిరేకంగా నల్లజాతి ప్రజలు ఆందోళనకు దిగినప్పుడు ఐదు వందల మందికి పైగా అరెస్టయ్యారు. మరుసటి ఏడాది ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఎనిమిది ఆగ్నేయ రాష్ట్రాల్లో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే నాలుగు ప్రదేశాలను పరిశీలించి, వాటిలో మూడు నల్లజాతి వారు అధిక సంఖ్యలో ఉన్న చోట్లే ఉన్నాయని తేల్చింది. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వారి జాతి న్యాయ సంఘం జిప్ కోడ్‌ల (మన పిన్ కోడ్ లాంటి తపాలా ప్రాంతాల) ఆధారంగా దేశమంతటినీ లెక్కగట్టి, ఇలాంటి కేంద్రాలు ఎక్కడున్నాయో చెప్పడానికి ఆదాయం కంటే జాతే బలమైన సూచిక అని చెప్పింది. అయితే 1994లో వచ్చిన మరో అధ్యయనం జిప్ కోడ్ బదులు సెన్సస్ ట్రాక్ట్ అనే చిన్న విభాగాన్ని తీసుకుని, జాతిపరమైన తేడా అంతగా లేదంది. ఈ చిక్కును 2006లో పాల్ మొహాయ్, రాబిన్ సాహా విప్పారు. కేంద్రం ఏ గీతకు లోపల ఉందన్నది పక్కనపెట్టి, దాని నుంచి ఎంత దూరంలో ఎవరున్నారో కొలిస్తే, మునుపటి పద్ధతుల్లో కనిపించినదాని కంటే అసమానత ఎక్కువగానే ఉందని వారు చూపించారు. వ్యర్థాల కేంద్రం ట్రాక్ట్ సరిహద్దు మీద ఉంటే, దాని పొగ ఆ గీత దగ్గర ఆగిపోదు కదా.

ఈ చర్చ చదివాక, కొలవాల్సిన విభాగాన్ని ఎంచుకోవడం పరిశోధనలో ఏదో సాంకేతిక వివరం అన్న భావన నాలో పూర్తిగా పోయింది. ఎవరి కష్టం లెక్కలోకి వస్తుందో, ఎవరిది సగటులో కలిసిపోతుందో నిర్ణయించేది ఆ ఎంపికే.

నాకు దారి చూపింది మాత్రం ఇంకా పాత అధ్యయనం. 1854 నాటి లండన్ కలరా అనగానే అందరూ వైద్యుడు జాన్ స్నో, బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు చుట్టూ జరిగిన మరణాలను చూపుతూ గీసిన పటాన్ని తలచుకుంటారు. దక్షిణ లండన్‌లో ఆయన చేసిన మరో పని నా దృష్టిలో అంతకంటే గొప్పది. అక్కడ సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్, లాంబెత్ అనే రెండు నీటి కంపెనీల పైపులు ఒకే వీధుల్లో, పక్కపక్క ఇళ్లకు వెళ్లేవి. లాంబెత్ కంపెనీ 1852లో నీటిని తోడే చోటును థేమ్స్ నది ఎగువకు, నగరపు మురుగు చేరని చోటికి మార్చుకుంది. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ మాత్రం ఆ మురుగు కలిసే చోటే తోడుతూ ఉండిపోయింది. వీధి సగటు తీస్తే ఇక్కడ ఏమీ తేలదు, అందుకని స్నో ఇంటింటికీ తిరిగాడు. తమకు ఏ కంపెనీ నీరు వస్తోందో తెలియని ఇళ్లలో నీటి నమూనా తీసుకుని, సిల్వర్ నైట్రేట్ కలిపి ఉప్పు ఎంతుందో చూసి కంపెనీని గుర్తించాడు. చివరికి ప్రతి 10,000 ఇళ్లకు సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ వైపు 315 మరణాలు, లాంబెత్ వైపు 37 మరణాలు లెక్కకు వచ్చాయి. నా విభాగం కూడా ఇల్లే కావాలని, ఇంటి కొళాయి దగ్గరే కొలవాలని అప్పుడు నిర్ణయించుకున్నాను.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. పైపుల వివరాలకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి, ఏ అవసరానికి ఏ సమాచారం కావాలో ఒక్కొక్కటిగా రాయాలి, ఓపిక పట్టాలి. ఎథిక్స్ కమిటీ దగ్గర మాత్రం ఆలోచించాల్సిన విషయం ఒకటి ఎదురైంది. పేద ప్రాంతాల్లో చాలా కనెక్షన్లకు కాగితాలు ఉండవు. నేను ఇంటింటి వివరాలను అక్షాంశ రేఖాంశాలతో సహా ప్రచురిస్తే, ఆ పటాన్ని పట్టుకుని ఎవరైనా వచ్చి కనెక్షన్లు కోసేయవచ్చు. అసమానత గురించి చేసే అధ్యయనం ఆ అసమానతను భరిస్తున్న వారికే ఎసరు పెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అందుకే ప్రతి ఇంటి స్థానాన్నీ కొంత దూరం యాదృచ్ఛికంగా జరిపి మాత్రమే ప్రచురిస్తామని, అసలు స్థానాలు గైడ్ గారి దగ్గరా నా దగ్గరా తాళం వేసి ఉంటాయని రాసిచ్చాం.

క్షేత్రంలో నా చేతిలో ఉన్నది చిన్న ప్రెషర్ గేజ్, టెఫ్లాన్ టేపు చుట్ట, ఒక నోటుపుస్తకం. నీళ్లు వదిలే వేళకు ముందే గేజ్‌ను కొళాయికి బిగించి ఎదురుచూడాలి. లైను చివరి ఇంట్లో ఒకనాటి తెల్లవారుజామున చూసింది రాస్తాను. వాల్వ్ తెరిచిన చాలాసేపటికి ముందు గాలి బుస్సుమని వచ్చింది, తర్వాత ఎర్రటి నీళ్లు వచ్చాయి, ఆ ఇంటావిడ వాటిని పట్టకుండా వదిలేసింది. లైను ఖాళీగా, ప్రెషర్ లేకుండా ఉన్న గంటల్లో పగుళ్ల గుండా బయటి మురికి పైపులోకి చేరుతుంది కాబట్టి మొదట వచ్చే నీళ్లు తాగడానికి పనికిరావు. కాసేపటికి గేజ్ ముల్లు 0.2 బార్ దాకా లేచింది. ఒక బార్ అంటే సుమారు పది మీటర్ల ఎత్తుకు నీటిని నిలబెట్టే ఒత్తిడి కనుక, 0.2 బార్ అంటే రెండు మీటర్లు, అంటే మేడ మీది ట్యాంకు సంగతి అటుంచి తల ఎత్తుకు కాస్త పైకి మాత్రమే. ఇంతలో పైనున్న ఇళ్లలో ఎవరో మోటారు వేశారు, ముల్లు సున్నాకు పడిపోయింది. "మోటారున్న వాళ్లు లాగేశాక మాకు మిగిలిందే వస్తుందమ్మా" అని ఆవిడ బకెట్ పక్కన పెట్టి కూర్చుంది. సంపు, మోటారు, ట్యాంకు కొనుక్కోగలిగిన ఇంటికి ఆ రోజు సరఫరా సరిపోయింది. ఆమె ఇంటికి సరిపోలేదు. పైపుల పటంలో ఈ రెండు ఇళ్ల మధ్య ఏ తేడా లేదు.

ఈ అధ్యయనానికి అత్యంత విలువైన సమాచారం వాల్వ్ తిప్పే ఉద్యోగి నోటుపుస్తకంలో దొరికింది. ఏ వాల్వ్ ఎప్పుడు తెరిచింది, ఎన్ని చుట్లు తిప్పింది, ఎప్పుడు మూసింది ఆయన ప్రతిరోజూ రాసుకునేవారు. పై అధికారుల నివేదికల్లో ఎక్కడా లేని ఈ వివరాలను, ఆయన అనుమతితో, పేరు లేకుండా వాడుకున్నాను. ఇలాంటి ఉద్యోగుల అనుభవాన్ని పరిశోధకులు విషయ పరిజ్ఞానంగా గౌరవించాలని గట్టిగా నమ్ముతున్నాను.

విశ్లేషణలో పెద్ద చిక్కు ఒకటుంది. ఒకే లైను మీదున్న ఇళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు, లైను మూస్తే అందరికీ ఒకేసారి ఆగిపోతుంది. అందుకని ఇల్లు, లైను, జోను (కొన్ని లైన్లు కలిసిన సరఫరా ప్రాంతం) అనే మూడు స్థాయిల గణాంక మోడల్ కట్టాను. తేడాల్లో ఎక్కువ భాగం జోనుకూ జోనుకూ మధ్య లేదు, ఒకే జోను లోపల ఉంది. వార్డుల సగటుతో నా మొదటి పటం ఎందుకు సమానంగా కనిపించిందో అప్పుడు స్పష్టంగా తెలిసింది.

లైను చివర పేదలే ఎందుకున్నారన్నది మిగిలింది. పాత సమావేశాల మినిట్స్ తిరగేస్తే, తర్వాత వెలిసిన కాలనీలకు కొత్త మెయిన్ లైను వేయకుండా పాత లైనుకే సన్నటి పైపులు అతికిస్తూ పోయారని తేలింది. పైపు వ్యాసం సగమైతే, అంతే ఒత్తిడి నష్టానికి ప్రవాహం దాదాపు ఆరో వంతుకు తగ్గిపోతుంది. ఖర్చు తగ్గించడానికి అప్పట్లో తీసుకున్న ఆ నిర్ణయాల ఫలితాన్ని లైను చివరి ఇళ్లు నేటికీ అనుభవిస్తున్నాయి.

పత్రిక సమీక్షకుల్లో ఒకరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కల్లో ఇప్పటికే "అవసరమైనప్పుడు అందుబాటు" అన్న ప్రమాణం ఉంది కదా, మీరు కొత్తగా చెప్పేదేమిటని అడిగారు. ఆ ప్రమాణం సరైనదే, దాన్ని జాతీయ సగటుగా ప్రకటించినప్పుడు లైను చివరి ఇల్లు కనిపించదని, నా కొలతలను ముందుపెట్టి జవాబు రాశాను. వ్యాసం అచ్చయింది, వైవా కూడా పూర్తయింది. కొలతలు ఇచ్చిన ప్రతి ఇంటికీ వాళ్ల కొళాయి వివరాలతో ఒక పేజీ కాగితం ఇచ్చాను. కొన్ని కుటుంబాలు ఆ కాగితాలను జతచేసి లైను మార్చమని ఉమ్మడిగా అర్జీ పెట్టుకున్నాయి, అది ఇంకా పరిశీలనలో ఉంది.