గొట్టంలో వచ్చిన పొటాషియం

పదకొండు దాటింది. చిన్నది పడుకుంది, ఈయన టీవీ ముందే కునుకు తీస్తున్నారు. నాకింకా కోపం దిగలేదు, అందుకే వచ్చి కూర్చున్నా.

మధ్యాహ్నం నెఫ్రాలజీ (కిడ్నీ) వార్డు నుంచి ఫోన్. "మేడం, పొటాషియం రిపోర్టు ఇంకా పడలేదు. శాంపిల్ పంపి గంట దాటింది, సార్ అరుస్తున్నారు." మా ల్యాబ్ కంప్యూటర్లో చూస్తే ఆ శాంపిల్ అసలు రిసీవే కాలేదు. శాంపిల్‌ని క్యారియర్ అనే డబ్బాలో పెట్టి, గాలి ఒత్తిడితో గొట్టాల్లోంచి వార్డు నుంచి మా దగ్గరికి పంపే ట్యూబ్ సిస్టం స్క్రీన్లో మాత్రం ఆకుపచ్చ అక్షరాల్లో 'డెలివర్డ్' అని ఉంది. పంపిన కాసేపటికే వచ్చేసిందట. వచ్చిన మాట నిజమే. ఉదయం షిఫ్టు వాళ్ళు వెనక్కి పంపకుండా వదిలేసిన ఖాళీ క్యారియర్ల కింద, బుట్ట అడుగున పడి ఉంది.

తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, లేత పసుపుగా ఉండాల్సిన సీరం గులాబీ రంగులో తేలింది. అంటే ఎర్రకణాలు పగిలాయి, గొట్టంలోనే పగిలాయనుకున్నా. కణాల లోపలి పొటాషియం సీరంలో ఉండేదానికి ఇరవై రెట్లకు పైనే. కొన్ని కణాలు పగిలినా చాలు, లేని ప్రమాదం రిపోర్టులో కనిపిస్తుంది. మళ్ళీ తీయమని చెప్పాల్సి వచ్చింది. డయాలసిస్ పేషెంటు, ఒక చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంది, ఆ చెయ్యి ముట్టుకోకూడదు. మిగిలిన రెండో చెయ్యి ఎలా ఉంటుందో నర్సులకు తెలుసు.

నాలుగింటికి మీటింగ్. మెషీన్లు చూసుకునే బయోమెడికల్ అబ్బాయి ఈ నెలలో గొట్టాల్లో గాలి నడిపే బ్లోయర్ ఒక్కసారి కూడా ఆగలేదని గ్రాఫ్ చూపించాడు. నర్సింగ్ సూపర్‌వైజర్ శాంపిల్ టైముకే పంపామని రిజిస్టర్ చూపించింది. మా లెక్క కూడా బ్రహ్మాండంగానే ఉంది, ఎందుకంటే మా టైము బార్‌కోడ్ స్కాన్ చేసిన క్షణం నుంచి మొదలవుతుంది. ఎవరి లెక్క వాళ్ళకి సరిపోయింది. సూది దించిన దగ్గర్నుంచి మేము స్కాన్ చేసేదాకా పోయిన ఆ గంట మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. అదే అడిగాను. క్వాలిటీ మేడం ముఖం చిట్లించి, "అయితే ఒక పోస్టర్ పెడదాం" అంది.

పోస్టర్! ఆ స్టేషన్ పైన గోడ ఇప్పటికే కనపడదు. మూత సరిగ్గా లాక్ చేయమని ఒకటి. ఫోమ్ లేకుండా పంపొద్దని ఒకటి. సీఎస్‌ఎఫ్ (వెన్నులోంచి తీసే నీరు), బయాప్సీ ముక్క గొట్టంలో వేయొద్దని ఇంకొకటి. బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆక్సిజన్ లాంటివి కొలిచే టెస్టు) సిరంజి చేత్తోనే తేవాలని మరొకటి, లోపల గాలిబుడగ ఉంటే గొట్టంలో ఆక్సిజన్ విలువ మారిపోతుంది కాబట్టి. అన్నీ ఇంగ్లీషులోనే. రాత్రి డ్యూటీలో క్యారియర్ పెట్టే ఆయాకి చదవడం రాదు, ఎవరూ చదివి చెప్పరు. పోనీ ఖాళీ క్యారియర్లు తిరిగి పంపండ్రా అంటే, వార్డులవాళ్ళు రైల్లో సీటుకి కర్చీఫ్ వేసినట్టు రెండు మూడు అల్మారాలో దాచుకుంటారు. పంపేస్తే మళ్ళీ దొరకవని భయం. దొరకవు, నిజమే. అందుకే దాస్తారు, దాచబట్టే దొరకవు.

గుంటూరులో నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ నర్సింగ్ హోంలో గొట్టాలూ లేవు, స్క్రీన్లూ లేవు. ఒక వార్డు బాయ్ ఉండేవాడు, అందరికీ బాబాయే. వాచీ డబ్బాలో వచ్చే థర్మోకోల్ ముక్కకి పెన్నుతో బొక్కలు పొడిచి, ట్యూబులు నిలబెట్టి తెచ్చేవాడు, ఒక్కటీ ఒరిగేది కాదు. తెచ్చి పెట్టేసి పోయేవాడా అంటే అదీ కాదు. "అమ్మాయ్, ఐదో బెడ్ పిల్లాడిది ముందు చూడు, వాళ్ళమ్మ పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అనేవాడు. రిపోర్టు ఆలస్యమైతే కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు, ఒక్క మాట అనకుండా. ఆయన నిలబడితే మనకి చేతులు వాటంతటవే కదిలేవి. ఏ శాంపిల్ రాలేదో కూడా ఆయనకే తెలిసేది. "మూడో బెడ్‌ది ఇంకా తియ్యలేదు, నేను వెళ్ళి చెప్తా" అనేవాడు. ఈ రోజు మా ల్యాబ్‌లో లేనిది అదే, రానిదాన్ని గమనించేవాళ్ళు.

ఇక్కడిదాకా రాసి, మీటింగులో ఒక మనిషిని పెట్టమని గట్టిగా అడగాలనుకున్నా. కానీ బాబాయ్ సంక్రాంతికి ఊరెళ్తే ఏమయ్యేదో కూడా గుర్తొచ్చింది. ట్యూబులు నర్సుల బల్ల మీదే మధ్యాహ్నం దాకా ఉండేవి. రాత్రిళ్ళు ఆయన ఉండడు. టీకి వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయన ఇష్టం. గొట్టానికి పండగలు లేవు. భోజనాల దగ్గర ఈయనకి చెప్తే ఫోన్ తీసి వెతికారు. పారిస్‌లో 1866 నుంచి 1984 దాకా ఉత్తరాలు ఇలాంటి గొట్టాల్లోనే నడిచాయట. ప్రాగ్‌లో అయితే 2002 వరదలొచ్చేదాకా నడిచింది. "అన్నేళ్ళు నడిచిందంటే తప్పు గొట్టానిది కాదేమో" అన్నారు. అప్పుడు ఒళ్ళు మండింది కానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆ గులాబీ రంగు కూడా గొట్టంలోనే వచ్చిందని నేనెలా అనేశాను? సన్న సూదితో తీసి, సిరంజి గట్టిగా లాగి, ట్యూబులోకి బలవంతంగా నెడితే అక్కడే కణాలు పగులుతాయి. ఆ నరాలు దొరకని చేతి దగ్గర అదే జరిగి ఉండొచ్చు.

తేల్చుకునే దారి ఉంది. ఒకే మనిషి నుంచి ఒకేసారి రెండు ట్యూబులు తీసి, ఒకటి గొట్టంలో, ఒకటి చేత్తో తెప్పించి పక్కపక్కన నడిపి చూడాలి. నాలుగో అంతస్తు లైన్లో క్యారియర్ల పట్టీలు అరిగిపోయాయి, గాలి పక్కనుంచి జారిపోయి నెమ్మదిగా ఈడుస్తుంది, అక్కణ్ణుంచీ పంపాలి. మా బుట్ట దగ్గర, క్యారియర్ పడగానే మోగి ఎవరైనా నొక్కేదాకా ఆగని బజరొకటి కావాలి. స్కాన్ కాకుండా పదిహేను నిమిషాలు దాటిన శాంపిల్ మా స్క్రీన్ మీద ఎర్రగా రావాలి. పోస్టర్ మాత్రం వద్దు.

స్టాఫ్‌లోంచి ఎవరు రక్తమిస్తారా అని చూస్తున్నా. ముందు బయోమెడికల్ అబ్బాయినే అడుగుతా, నరాలు బాగా కనపడతాయి.