పుట్టు వైరమట!

ఇస్లాంకూ పాశ్చాత్య దేశాలకూ పుట్టు వైరమన్న మాట వింటే నాకు కోపం ఆగదు. ఇరాన్ చమురును జాతీయం చేసిన ప్రధాని మొసాదెగ్‌ను 1953లో అమెరికా, బ్రిటన్ కలిసి కూలదోశాయి. అక్కడ తగువు చమురుది, మతానిది కాదు. 1980లలో సోవియట్ సేనలతో ఇస్లాం పేరిట పోరాడిన అఫ్గాన్ ముజాహిదీన్‌కు ఆయుధాలు అందించింది కూడా అమెరికానే. పుట్టు వైరమైతే ఆ చెలిమి ఎక్కడిది? అంతకుముందు ఎప్పుడో, 1126లో స్పెయిన్‌లోని కోర్డోబాలో పుట్టిన ముస్లిం తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ అరిస్టాటిల్‌పై రాసిన వ్యాఖ్యానాలను ఐరోపా విశ్వవిద్యాలయాలు తరతరాలు చదువుకున్నాయి.

నిన్న విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఇదే వాదన ముదిరింది. పక్కనే మా ముస్లిం మిత్రుడు మొక్కజొన్న పొత్తు గింజలు ఒలుస్తూ కూర్చున్నాడు. ఒక్క గింజ నోట వేసుకోలేదు. ‘మీవాళ్లు ఎందుకలా చేస్తారు?’ అని ఒక పెద్దాయన అతన్నే నిలదీశారు. నాకు మనసు చివుక్కుమంది.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో జరిగిన హత్యాకాండకు ఏ సాకూ చెల్లదు. అతనూ అదే అంటాడు, ఎన్నోసార్లు అన్నాడు. అయినా ప్రతి వాదనలోనూ ఆ లెక్క అతన్నే అడుగుతారు. ఒక కొండ మీద గుడి, ఒక కొండ మీద దర్గా, మరో కొండ మీద చర్చి ఉన్న ఓడరేవు పక్కన పుట్టి, అక్కడే పనిచేసుకుంటున్న మనిషిని!