సిలబస్‌లో లేని రిఫ్లెక్షన్‌తో ఇన్‌హెరిటెన్స్ గట్టెక్కిన కథ

మొదటిసారి జావా సర్టిఫికేషన్ పరీక్ష తప్పాను. తప్పినందుకంటే, ఎక్కడ తప్పానో చూసుకున్నాక ఎక్కువ సిగ్గేసింది. ఇన్‌హెరిటెన్స్‌లో! ప్రిపరేషన్ మొత్తంలో నేను ఒక్క పూట కూడా కేటాయించని టాపిక్ అదే. పేరెంట్‌లో ఉన్నవి చైల్డ్‌కి వస్తాయి, ఇందులో చదవడానికి ఏముంది అనుకున్నాను. స్ట్రీమ్స్, థ్రెడ్స్ మీద మాత్రం నోట్సు మీద నోట్సు రాసుకున్నాను.

రెండోసారికి పుస్తకం మార్చలేదు, కోచింగ్‌లో చేరలేదు. క్లాసుల గురించి నేను అనుకుంటున్నది నిజమో కాదో రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా ఒక క్లాసులో ఏముందో చూసే జావా సౌకర్యం) ఆ క్లాసులనే అడగడం మొదలుపెట్టాను, అంతే. నేను రాసిన పరీక్షలో రిఫ్లెక్షన్ సిలబస్‌లోనే లేదు, ఒక్క ప్రశ్నా రాలేదు. కాబట్టి దాన్ని టాపిక్‌గా చదవమనడం లేదు. పనిముట్టుగా వాడుకోండి.

మొదటి ప్రోగ్రామ్ నాలుగైదు లైన్లు. ఒక క్లాసు తీసుకుని దాని పేరు ప్రింట్ చేయడం, గెట్‌సూపర్‌క్లాస్‌తో ఒక మెట్టు పైకెక్కడం, నల్, అంటే 'ఏమీ లేదు' అని, వచ్చేదాకా ఇదే లూప్. అర్రేలిస్ట్ ఇస్తే అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్, అబ్‌స్ట్రాక్ట్‌కలెక్షన్, ఆబ్జెక్ట్ వరసగా వచ్చి ఆగింది. సరే, ఊహించిందే. స్టాక్ ఇచ్చి చూస్తే దాని పేరెంట్ వెక్టర్! స్టాక్ అంటే పైనుంచి పెట్టి పైనుంచే తీసేది అని చదువుకున్నాం కదా. వెక్టర్ సంతానం కాబట్టి జావా స్టాక్‌లో మధ్యలో కూడా ఎలిమెంట్ దూర్చొచ్చు, కంపైలర్ కిక్కురుమనదు. ఈ ఒక్క అవుట్‌పుట్ చూశాక నాకు ఈ పద్ధతి మీద గురి కుదిరింది.

ఒక షరతు మాత్రం పెట్టుకున్నాను. ముందు కాగితం మీద వంశవృక్షం గీయాలి, ఆ తర్వాతే రన్ నొక్కాలి. ముందే రన్ చేస్తే ఏ అవుట్‌పుట్ వచ్చినా "ఆ, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. పరీక్ష హాల్లో ఆ తెలియడం పనికిరాదు.

కాగితం మీద నేను వరసగా తప్పు గీసినవి ఇంటర్‌ఫేస్‌ల (క్లాసులో ఏ మెథడ్‌లు ఉండాలో చెప్పే ఒప్పందాలు) దగ్గరే. గెట్‌ఇంటర్‌ఫేసెస్ ఆ క్లాసు స్వయంగా ఇంప్లిమెంట్స్ తర్వాత రాసుకున్నవే ఇస్తుంది, పైనుంచి వచ్చినవి ఇవ్వదు. అర్రేలిస్ట్‌కి లిస్ట్, రాండమ్‌యాక్సెస్, క్లోనబుల్, సీరియలైజబుల్ కనిపిస్తాయి, కలెక్షన్ కనిపించదు. అలాగని అర్రేలిస్ట్ కలెక్షన్ కాకుండా పోదు. మొత్తం చెట్టు కావాలంటే సూపర్‌క్లాస్ వైపూ, ఇంటర్‌ఫేస్‌ల వైపూ రెండు దారుల్లోనూ రికర్షన్‌తో ఎక్కాలి. ఇంటర్‌ఫేస్‌ని పట్టుకుని సూపర్‌క్లాస్ ఎవరని అడిగితే ఆబ్జెక్ట్ అని చెప్పదు, నల్ ఇస్తుంది. ఇంట్ లాంటి ప్రిమిటివ్‌కీ నల్లే. ఇంట్ అర్రేకి మాత్రం ఆబ్జెక్టే.

పాత నోట్సుతో చదివేవాళ్లకు ఒక జాగ్రత్త. జావా 8లో ఇంటిజర్ నేరుగా ఇంప్లిమెంట్ చేసేది కంపేరబుల్ ఒక్కటే. జావా 12 నుంచి కాన్‌స్టబుల్, కాన్‌స్టంట్‌డెస్క్ కూడా చేరి మూడయ్యాయి. మీ పరీక్ష ఏ వెర్షన్‌దో, మీ మెషిన్లో ఉన్నదీ అదేనా చూసుకోండి.

ఒక టైపు వేరియబుల్‌లో ఇంకో టైపు ఆబ్జెక్ట్ పడుతుందా అని అడిగే ఈజ్‌అసైనబుల్‌ఫ్రమ్ దిక్కు నాకు కనీసం పదిసార్లు తారుమారైంది. చివరికి "డబ్బా ముందు, సరుకు తర్వాత" అని గుర్తుపెట్టుకున్నాను. నంబర్ అనే డబ్బాలో ఇంటిజర్ అనే సరుకు పడుతుందా? పడుతుంది, కాబట్టి నంబర్ మీద పిలిచి బ్రాకెట్లో ఇంటిజర్ ఇస్తే ట్రూ. ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌లో ఇది తిరగబడుతుంది, సరుకు ముందు వస్తుంది.

అన్నిటికంటే లాభం వచ్చింది ఓవర్‌రైడింగ్ దగ్గర, అంటే పేరెంట్ మెథడ్‌ని చైల్డ్ తిరగరాసే చోట. ఒక పేరెంట్ క్లాసులో ఒకే పేరుతో ఒక పబ్లిక్ ఫీల్డ్, ఒక పబ్లిక్ మెథడ్ పెట్టండి. చైల్డ్‌లో అచ్చం అవే మళ్లీ రాయండి. ఇప్పుడు చైల్డ్‌ని గెట్‌మెథడ్స్ అడిగితే ఆ మెథడ్ ఒక్కసారే వస్తుంది, చైల్డ్‌ది. గెట్‌ఫీల్డ్స్ అడిగితే ఆ ఫీల్డ్ రెండుసార్లు వస్తుంది, ఒకటి చైల్డ్‌ది, ఒకటి పేరెంట్‌ది. మెథడ్ ఓవర్‌రైడ్ అయింది, ఫీల్డ్ దాక్కుంది, అంతే తేడా. చైల్డ్ ఆబ్జెక్టులో ఆ పేరుతో రెండు ఫీల్డ్‌లూ ఉన్నాయి కాబట్టే, ఏది దొరుకుతుందో వేరియబుల్ టైపుని బట్టి ఉంటుంది. ఈ రూలుని నేను మూడు పుస్తకాల్లో చదివి మూడుసార్లూ మర్చిపోయాను. ఆ రెండు లైన్లు స్క్రీన్ మీద చూశాక మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

గెట్‌డిక్లేర్డ్‌మెథడ్స్ వేరు. ఆ క్లాసులోనే రాసినవి, ప్రైవేట్ సహా, చూపిస్తుంది. వారసత్వంగా వచ్చినవి చూపించదు. దీంతో ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. కంపేరబుల్‌ని నా క్లాసు టైపుతోనే ఇంప్లిమెంట్ చేసిన క్లాసులో కంపేర్‌టు రెండుసార్లు కనిపించింది. నేను రాసింది ఒక్కటే! ఫైలు చెరిపేసి మళ్లీ రాశాను, మళ్లీ రెండే. తర్వాత తెలిసింది, జెనెరిక్స్ టైపు (కంపేరబుల్ పక్కన యాంగిల్ బ్రాకెట్లలో రాసేది) కంపైల్ అయ్యాక చెరిగిపోతుంది కాబట్టి ఇంటర్‌ఫేస్‌లో మిగిలేది ఆబ్జెక్ట్ తీసుకునే కంపేర్‌టు. దానికి జవాబుగా కంపైలరే ఒక మెథడ్ పుట్టించి, లోపల నాది పిలిపిస్తుంది. ఈజ్‌బ్రిడ్జ్ అని అడిగితే దానికి ట్రూ వస్తుంది. పోయిన సాయంత్రానికి బదులు టైప్ ఎరేజర్, అంటే ఆ చెరిగిపోవడం, ఏమిటో అర్థమైంది, బేరం పర్లేదు.

ఒక క్లాసు పిల్లలెవరో చెప్పమని జావాని అడగడానికి మాత్రం వీల్లేదు. పిల్ల క్లాసు తన పేరెంట్ పేరు రాసుకుంటుంది గానీ పేరెంట్ దగ్గర పిల్లల జాబితా ఉండదు. తమకు ఎవరు పిల్లలు కావచ్చో ముందే రాసుకునే సీల్డ్ క్లాసులు దీనికి మినహాయింపు. అవి జావా 17లో స్థిరపడ్డాయి, అనుమతించిన పిల్లల పేర్లు వాటిని అడగొచ్చు. పైథాన్ పరీక్షకు చదివేవాళ్లకు ఈ బాధ లేదు, అక్కడ క్లాసే తన నేరు పిల్లలను చెప్పేస్తుంది. పైథాన్‌లో మీరు చూడాల్సింది ఎంఆర్ఓ, అంటే మెథడ్ కోసం క్లాసులను వెతికే వరస. డైమండ్ ఆకారంలో (ఒక పేరెంట్, దానికి ఇద్దరు పిల్లలు, ఆ ఇద్దరికీ ఉమ్మడిగా ఒక చైల్డ్) నాలుగు క్లాసులు రాసి ఆ వరస ముందు ఊహించండి. బూల్ క్లాసు తల్లి ఎవరో కూడా అడగండి, ఇంట్ అని చెబుతుంది.

రెండోసారి పరీక్షలో పేరెంట్ టైపు వేరియబుల్, చైల్డ్ ఆబ్జెక్టు, ఒకే పేరుతో ఫీల్డూ మెథడూ ఉన్న ప్రశ్న వచ్చింది. నిమిషం కూడా పట్టలేదు. పాసయ్యాను. దాని తర్వాత వచ్చిన జెనెరిక్స్ ప్రశ్నకు మాత్రం టెన్షన్‌లో రెండుసార్లు ఆప్షన్ మార్చాను. ఇంటికొచ్చి రన్ చేసి చూస్తే, మొదట పెట్టిందే కరెక్టు.