చెరువు గట్టు కంప్యూటర్‌కి సోర్సు నుంచి కట్టిన లినక్స్: నా అనుభవం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. షెడ్డులో పెట్టే కంప్యూటర్‌కి పని ఒక్కటే: డీవో మీటర్ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచేది) సీరియల్ పోర్టులోంచి పంపే రీడింగులని ఫైల్లో రాయడం. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి, ఆ వేళ అది లేచి ఉండి తీరాలి. మామూలు లినక్స్ వేస్తే కరెంటు పోయినప్పుడల్లా డిస్కు పాడయ్యే భయం ఉంటుంది. అందుకే పూర్తిగా ర్యామ్‌లోనే నడిచే వ్యవస్థని కట్టాను. అందులో ఉన్నవి లినక్స్ గుండె లాంటి కెర్నల్ 6.6, షెల్, మౌంట్ లాంటి కమాండ్లన్నీ ఒకే ఫైల్లో ఉండే బిజీబాక్స్ 1.36.1, కెర్నల్ లేవగానే మొదట నడిపే ఒక చిన్న ఇనిట్ స్క్రిప్టు, అంతే.

ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, లిబెల్ఫ్, ఎన్‌కర్సెస్ డెవ్ ప్యాకేజీలు, సీపీఐఓ (ఫైళ్ళని ఒకే మూటగా కట్టేది), క్యూఈఎంయూ (కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపేది) ఉంటే చాలు. కెర్నల్ సోర్సుని గిట్‌లో చరిత్ర మొత్తంతో దింపుకోవద్దు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే వాళ్ళకి టార్ ఫైలే మేలు.

డిస్ట్రో కాన్ఫిగ్ (కెర్నల్‌లో ఏవేవి ఉండాలో చెప్పే జాబితా) తీసుకుని తగ్గించుకుంటూ రావడం కన్నా, ‘మేక్ టైనీకాన్ఫిగ్’తో దాదాపు ఏమీ లేని చోట మొదలుపెట్టి ఒక్కొక్కటీ కలుపుకోవడమే సరైన దారని నా గట్టి అభిప్రాయం. ఏది ఎందుకు కావాలో అప్పుడే తెలుస్తుంది. మెనూకాన్ఫిగ్‌లో నేను కలిపినవి: 64-బిట్ కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (ర్యామ్‌లోకి ఎక్కే ఫైళ్ళ మూట), ప్రింట్‌కే (కెర్నల్ సందేశాలు), ఈఎల్ఎఫ్ ఫైళ్ళు (కంపైలైన ప్రోగ్రాములు), షెబాంగ్ స్క్రిప్టులు (#! తో మొదలయ్యేవి), టీటీవై (టెర్మినల్), 8250 సీరియల్, దాని కన్సోల్, ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్. వచ్చిన బీజడ్‌ఇమేజ్ (కంపైలైన కెర్నల్ ఫైలు) 2 ఎంబీ లోపే ఉంది. కంపైల్ మధ్యలో కరెంటు పోతే ‘మేక్’ మళ్ళీ కొడితే ఆగిన చోటు నుంచే సాగుతుంది. లింకర్ ‘ఫైల్ ఫార్మాట్ తెలియలేదు’ అంటే మాత్రం, సగంలో ఆగిన సున్నా బైట్ల ఆబ్జెక్ట్ ఫైలు ఎక్కడో మిగిలిందన్నమాట. వెతికి చెరిపేస్తే సరిపోతుంది.

బిజీబాక్స్‌ని 1995లో బ్రూస్ పెరెన్స్ మొదలుపెట్టింది ఒక్క ఫ్లాపీలో పట్టే డెబియన్ ఇన్‌స్టాలర్ కోసం. మన అవసరానికీ అదే సరిపోతుంది. డెఫ్‌కాన్ఫిగ్ (దాని మామూలు సెట్టింగులు) తీసుకుని స్టాటిక్ బైనరీ (బయటి లైబ్రరీలు అక్కర్లేనిది) ఆప్షన్ తప్పకుండా పెట్టాలి. ఉబుంటు 24.04 లాంటి కొత్త వాటిలో టీసీ అనే నెట్‌వర్క్ ట్రాఫిక్ పనిముట్టు దగ్గర సీబీక్యూ (అది వాడే ఒక పాత పద్ధతి) పేర్లు లేవంటూ కంపైల్ ఆగిపోతుంది. ఆ సీబీక్యూని 6.8 నుంచి కెర్నల్ హెడర్లలోంచి తీసేశారు. చెరువు దగ్గర టీసీతో పనేమీ లేదు కాబట్టి దాన్ని ఆపేయడమే మందు.

ఇనిట్ స్క్రిప్టు ప్రాక్, సిస్, డెవ్ మూడింటినీ మౌంట్ చేసి, ‘సెట్‌సిడ్ సీటీటీవైహ్యాక్ ఎస్‌హెచ్’ అని షెల్‌ని లేపుతుంది. ఉత్త షెల్ పెడితే జాబ్ కంట్రోల్ లేదంటుంది, కంట్రోల్-సీ పనిచేయదు. బిజీబాక్స్ ఇన్‌స్టాల్ ఫోల్డర్ లోపలికి వెళ్ళి అక్కడి నుంచే సీపీఐఓ కట్టాలి, ఫార్మాట్ న్యూసీ అయి ఉండాలి. బయట నుంచి కడితే ఇనిట్ ఒక ఫోల్డర్ కిందకి పోయి, కెర్నల్‌కి కనబడక పానిక్ అవుతుంది, అంటే ఆగిపోతుంది.

ముందు క్యూఈఎంయూలో నడిపి చూడండి. కన్సోల్‌ని టీటీవైఎస్0 (మొదటి సీరియల్ పోర్టు) అని కెర్నల్‌కి చెప్పకపోతే అది నడుస్తున్నా తెర మీద ఒక్క అక్షరం రాదు. ఆ తర్వాత వచ్చే తప్పులకి అంకెలు ఉంటాయి, వాటిని చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. -13 అంటే ఇనిట్‌కి ఎగ్జిక్యూట్ అనుమతి లేదు. ఫైలు కళ్ళెదుట ఉన్నా -2 వస్తే, బిజీబాక్స్ స్టాటిక్ కాదు: లేనిది ఆ ఫైలు కాదు, దాని లైబ్రరీలని ఎక్కించే లోడర్. అందరినీ తికమక పెట్టేది -8, అంటే ఆ ఫైలు ఫార్మాట్‌ని కెర్నల్ నడపలేదు. అది వచ్చాక కెర్నల్ తర్వాత ప్రయత్నించే ఎస్‌బిన్‌లోని ఇనిట్ (బిజీబాక్స్ సొంతది) కూడా -8తోనే పడి పానిక్ అయితే, కెర్నల్ 32-బిట్‌గా మిగిలిపోయింది. టైనీకాన్ఫిగ్ ఇచ్చేది 32-బిట్టే మరి. అలా కాక -8 తర్వాత టీటీవై2, టీటీవై3 తెరవలేకపోతున్నానంటూ లైన్లు వరసగా వస్తుంటే, షెబాంగ్ ఆప్షన్ మరిచిపోయారు. మన స్క్రిప్టుని కెర్నల్ వదిలేసి బిజీబాక్స్ సొంత ఇనిట్‌ని లేపింది.

అసలు మెషీన్ మీదకి వెళ్ళాక మానిటర్‌కి వీటీ, వీజీఏ కన్సోల్, కీబోర్డుకి ఐ8042, ఏటీ కీబోర్డు కలపాలి. బూట్‌కి గ్రబ్ అనే బూట్‌లోడర్‌లో రెండు లైన్లు చాలు: ఒకటి కెర్నల్, ఒకటి ఇనిట్‌ఆర్‌డీ (మనం కట్టిన సీపీఐఓ మూట).

రీడింగులు ర్యామ్‌లో ఉంటే కరెంటుతోపాటే పోతాయి కాబట్టి పెన్‌డ్రైవ్ కావాలి. పీసీఐ, యూఎస్‌బీ హోస్ట్, యూఎస్‌బీ స్టోరేజ్, స్కజీ డిస్క్, వీఫ్యాట్ (పెన్‌డ్రైవ్ ఫైల్ సిస్టం) పెట్టినా మౌంట్ కాకపోతే డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు) చూడండి, కోడ్‌పేజీ 437 గానీ ఐఎస్ఓ 8859-1 గానీ లేదని ఉంటుంది. ఆ రెండూ ఎన్ఎల్ఎస్ (అక్షరాల ఎన్‌కోడింగులు) మెనూలో విడిగా ఉంటాయి. పెన్‌డ్రైవ్ కనబడటానికి కొన్ని సెకన్లు పడుతుంది కనుక ఇనిట్‌లో నేరుగా మౌంట్ చేయకుండా, ఎస్‌డీఏ1 (పెన్‌డ్రైవ్ పార్టిషన్) కనబడేదాకా లూప్‌లో ఆగాలి.

మీటర్‌ని రెండో పోర్టుకి, టీటీవైఎస్1కి, తగిలించాను. ఎస్‌టీటీవై కమాండ్‌తో పోర్టు స్పీడుని మీటర్ పుస్తకంలో ఉన్నట్టు పెట్టి, రా మోడ్‌లోకి (వచ్చింది వచ్చినట్టే చదివే తీరు) మార్చాలి. వచ్చిన ప్రతి లైనుకీ ముందు తేదీ, టైము కలిపి ఫైల్లో చేరుస్తాను. పక్కనే ఇంకో లూప్ నిమిషానికోసారి ‘సింక్’ (ర్యామ్‌లో ఆగినదాన్ని డ్రైవ్ మీద రాసే కమాండ్) కొడుతుంది. అది లేకపోతే కరెంటు పోయాక ఫైలు సున్నా బైట్లతో కనబడొచ్చు, ఎందుకంటే ఫ్యాట్‌లో ఫైలు సైజు ఉండే డైరెక్టరీ ఎంట్రీ అప్పటికి పెన్‌డ్రైవ్ మీదకి చేరి ఉండదు. సింక్‌ని సెకనుకోసారి కొడితే డ్రైవ్ త్వరగా అరిగిపోతుంది. నిమిషం రీడింగులు పోయినా చెరువుకి నష్టం లేదు.