నంబరు ఎక్కడుందండీ?

3 వారాలు కూర్చుని మా గడియారాల మరమ్మతు పనికి వెబ్‌సైట్ తయారుచేశాను. మొదటి పేజీ నిండా కదిలే ఫొటోలు, వాటి మీద పెద్ద అక్షరాలతో "మీ నమ్మకమే మా బలం". కంప్యూటర్‌లో చూసుకుని తెగ మురిసిపోయాను.

నిన్న ఒక ఖాతాదారు నా ఎదుటే దాన్ని ఫోనులో తెరిచారు. చాలాసేపు తెల్ల తెర. ఆ తర్వాత ఆయన బొటనవేలు కిందికీ పైకీ తిరుగుతూనే ఉంది. "నంబరు ఎక్కడుందండీ?" అన్నారు. అట్టడుగున ఉంది, అదీ ఫొటోలో భాగంగా! నొక్కితే కాల్ వెళ్లదు. ఆయన పాపం దాన్ని చదువుకుంటూ కాగితం మీద రాసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రాత్రి లెక్క చూసుకున్నాను. ఒక్కో ఫొటో 5 ఎంబీ. కెమెరాలోంచి తీసినది తీసినట్టే ఎక్కించేశాను మరి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత. మాది 11 సెకన్లు. ఫొటోల వెడల్పు తగ్గించి, ఫొటోలను తక్కువ సైజులో దాచే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చాను. ఇప్పుడు చాలావరకు 100 కేబీ లోపే.

నంబరును మామూలు అక్షరాల్లో రాసి, నొక్కగానే కాల్ వెళ్లేలా పేజీ నెత్తిన పెట్టాను. దాని కిందే పనివేళలు, ఏయే రకాల గడియారాలు బాగుచేస్తామో రెండు వాక్యాలు. కదిలే ఫొటోలు పోయాయి.

నినాదాన్ని తీసేయడానికి మాత్రం మనసొప్పలేదు. నిన్నటిదాకా నంబరు ఉన్న అట్టడుగుకు పంపాను.