టీషర్ట్ మీద పేరు పీకిన ఆదివారం

పాత ఆఫీసు మానేసి చాన్నాళ్ళయింది కానీ వాళ్ళిచ్చిన టీషర్ట్ మాత్రం మానలేకపోయా. ముదురు నీలం, మంచి కాటన్, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. బాధల్లా ఛాతీ మీద అడ్డంగా తెల్లటి అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరే. అది వేసుకుని బయటికెళ్తే ఎవరో ఒకరు "ఇంకా అక్కడే చేస్తున్నావా" అనడం, నేను మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకురావడం. సరే పీకేద్దాం, పది నిమిషాల పనే కదా అని కూర్చున్నా, లేచేసరికి సాయంత్రం.

అన్ని ప్రింట్లూ ఊడవండోయ్, ముందు వేలితో తడిమి చూడండి. పల్చటి ప్లాస్టిక్ పొరలా ఉండి అంచు గోటికి తగిలితే అది హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్, పేరుకి వినైలే గానీ చాలావాటిలో ఉండేది పాలీయురేథేన్ పొర, దాని అడుగున వేడికి కరిగే జిగురు. 150 డిగ్రీల చుట్టుపక్కల పది పదిహేను సెకన్లు ప్రెస్ చేస్తే ఆ జిగురు కరిగి దారాల సందుల్లోకి దిగి, చల్లారాక గట్టిగా పట్టేసుకుంటుంది. మళ్ళీ వేడి తగిలితే మెత్తబడుతుంది, నేను పట్టుకున్న దారి అదే. పాలిస్టర్ బట్టలో చేతికి ఏమీ తగలకుండా కలిసిపోయి ఉంటే అది చాలావరకు సబ్లిమేషన్, అందులో రంగు ఆవిరై పాలిస్టర్ లోపలికే వెళ్ళిపోతుంది, పైన పీకడానికి ఏమీ ఉండదు, దాని జోలికి పోకండి.

నా మొదటి తెలివి ఏంటంటే ఇస్త్రీపెట్టె డైరెక్ట్‌గా అక్షరాల మీద పెట్టేయడం. తీసి చూస్తే సగం అక్షరం పెట్టెకి అంటుకుని ఉంది, ప్లాస్టిక్ కాలిన కంపు. పెట్టె వేడిగా ఉండగానే పాత నూలు గుడ్డ మీద రుద్ది రుద్ది వదిలించా. తర్వాత బుద్ధొచ్చి షర్ట్ తిరగేసి, ప్రింట్ కింద బేకింగ్‌కి వాడే బటర్ పేపర్ వేసి, లోపలి వైపు నుంచి ఒక్కో అక్షరానికే వేడి పెట్టా. మొత్తం ఒకేసారి వేడి చేయకండి, మీరు రెండో అక్షరానికి వచ్చేలోపు మూడోది చల్లారిపోతుంది. అంచుని ట్వీజర్‌తో లేపి, పైకి లాగకుండా వెనక్కి మడిచి బట్టకి ఆనించినట్టే లాగాలి, రెండో చేత్తో బట్టని నొక్కిపట్టుకోవాలి, లేదంటే అల్లిక సాగిపోతుంది. వేడి ఉన్నంతసేపూ చూయింగ్ గమ్‌లా సాగుతూ వస్తుంది, చల్లారిందా పుటుక్కున తెగుతుంది, అంతే, మళ్ళీ పెట్టె. గుండ్రటి "ఓ" ఒక్కటే నాకు ఇరవై నిమిషాలు పట్టింది, ఏడు ముక్కలుగా వచ్చింది.

పాలిస్టర్ అయితే ఇంత వేడి వద్దు. ఇంతకుముందు ఒక జెర్సీ మీద మూడు చుక్కల సెట్టింగ్ పెట్టేశా, అంటే 200 డిగ్రీల దాకా, ప్రింట్ సంగతేమో గానీ బట్టే మెరిసిపోయి అచ్చుపడింది, అది పోదిక. వాటికి హెయిర్ డ్రయరే నయం, టైమ్ పడితే పట్టనీ.

పొర ఊడాక అసలు పని మొదలవుతుంది, ఎందుకంటే జిగురు అక్కడే ఉంటుంది. బూడిదరంగు బంకలా, ముట్టుకుంటే వేలికి అతుక్కుంటూ, దుమ్మంతా పట్టేస్తూ. దీనికి అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ వాడా, ముందు లోపలి మడతలో ఒక చుక్క వేసి రంగు దిగట్లేదని చూసుకున్నాకే. అసిటేట్ బట్టైతే దీనికి బట్టే కరిగిపోతుంది కాబట్టి లేబుల్ చూడండి. ఇస్త్రీపెట్టె ప్లగ్ పీకి, అది చల్లారాక, కిటికీలు తీసిపెట్టి మొదలెట్టండి, అసిటోన్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. జిగురున్న వైపు కింద తెల్ల గుడ్డ వేసి, వెనక నుంచి దూదితో తడిపి, కాసేపాగి తిప్పి చెంచా అంచుతో గీకితే ముద్దలు ముద్దలుగా వచ్చింది. నాలుగు సార్లు చేశా. తర్వాత విడిగా ఉతికేశా.

ఆరాక చూసుకుంటే జిగురు లేదు, ప్లాస్టిక్ లేదు, కంపెనీ పేరు మాత్రం ఉంది! ఇన్నేళ్ళ ఉతుకులకి చుట్టూ రంగు వెలిసింది, అక్షరాల కింద మాత్రం కొత్తలో ఉన్న నీలం అలాగే ఉండిపోయింది. ట్యూబ్‌లైట్ కింద కనబడదు గానీ ఎండలోకి వెళ్తే చక్కగా చదవొచ్చు. ప్రస్తుతానికి రాత్రిపూట వేసుకుంటున్నా.